అంగిలిపై మేల్కొను పాత తాఖీదు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



లెక్కలు వ్రాసికొనువానికి దేహశాస్త్రముతో నేమి పని యని మీరనవచ్చును. నేను వైద్యుడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురుకులము. భాగవత తృతీయస్కంధమున కపిలుడు దేవహూతికి గర్భస్థశిశువు పెరుగు క్రమము నుపదేశించెను. తొలిరాత్రి కలలము, ఐదురాత్రులకు బుద్బుదము, పదిదినములకు రేగుపండంత. అది చదివినప్పుడెల్ల నాకొక సందేహము కలిగెడిది. ఇచట ముక్కు, ఇచట అంగిలి యని ఆ పిండమునకు చెప్పువారెవరు?

ఆధునికులు కొంత సమాధానము కనుగొనిరి. నుస్లైన్ ఫోల్‌హార్డ్ అను విదుషియు, వీషౌస్ అను పండితుడును జర్మనీలో పండ్లపై ముసరు చిన్న ఈగలను పరీక్షించి, పిండమును తీర్చు జన్యువులను 1980లో ప్రకటించిరి. మరియొక పండితునితో కలిసి 1995లో నోబెల్ బహుమానము నందిరి. ఒక జన్యువు చెడిన పురుగు ఒడలెల్ల ముండ్లతో నుండుటచే దానికి హెడ్జ్‌హాగ్ అను ముండ్లజంతువు పేరిడిరి. అట్టి జన్యువులు మనుష్యులకును కలవు. వానివలన పుట్టు ప్రోటీను ఒక కణమునుండి వెడలి, పొరుగు కణమునకు “పెరుగుము” అను వర్తమానము నందించును. గర్భమున మూడవమాసమునకు అంగిలి పలకలు కూడికొనుటకు ఈ వర్తమానము తోడ్పడును. పని తీరినపిదప, దఫ్తరములో కట్టిపెట్టిన తాఖీదువలె అది చాలవరకు అణగియుండును.

ఆ తాఖీదు అకాలమున బయటికి వచ్చిన నేమగును? శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరములందు స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుట మీరెరుగుదురు. ఆ వేడియు పొగయు నేరుగా అంగిలికి తగులును. కణములలోని జన్యువులు చెడును. ఇట్లు పుట్టు నోటి రాచపుండ్లలో అనేకములందు హెడ్జ్‌హాగ్, వింట్ అను గర్భకాలపు వర్తమానములు మరల మేల్కొనియుండుట పరిశోధకులు చూచిరి. పిండమున కొన్ని కణములు తావు విడిచి కదలిపోయి ముఖమును నిర్మించును. ఆ కదలెడి విద్యనే పుండు కణములును చేపట్టి మెడగ్రంథులకు ప్రాకును. కట్టిన విద్యయే కూల్చు విద్య యగుచున్నది.

మా పెద్దతల్లి అంగిలిపై తెల్లమచ్చ లేచెను. “నొప్పిలేదు గదా నాయనా” యనెడిది. మెడపై గడ్డ తేలినపిదప గాని ఆసుపత్రికి తీసికొనిపోలేదు. అప్పటికి కాలము మించెను. గర్భములోని అంగిలినిగూర్చి పదేపదే చదివిన నేను, ఆమె నోటిని ఒక్కనాడైన దీపము పట్టి చూడనైతిని.

ఈ వర్తమానము నడ్డగించు మందొకటి 2012లో అమెరికాలో ఒకవిధమగు చర్మపు రాచపుండునకు అంగీకరింపబడినది. నోటి రాచపుండునకు మాత్రము నేటికిని శస్త్రచికిత్సయు, కిరణచికిత్సయుఁ బ్రధానములు. తొలిదశయందే అవి బాగుగ ఫలించును.

కావున నా విన్నపము. చుట్ట మానుడు, మాన్పింపుడు. రెండువారములకు మానని పుండుగాని, తెల్లని యెఱ్ఱని మచ్చగాని కనబడిన, నొప్పిలేకున్నను వైద్యునికి చూపుడు. ఈ సంచికను చదువురాని తల్లులకు చదివి వినిపింపుడు. ఈ సాయంకాలమే మీ యింటి పెద్దదానిని దీపమువద్ద కూర్చుండబెట్టి, “అమ్మా, ఒకసారి నోరు తెరువుము” అనుడు.