ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు పిల్లలతో మాట్లాడారా?

ఈ ఎపిసోడ్ కొంచెం బరువైన టాపిక్. పక్కన చిన్నపిల్లలుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

మా బీటెక్ కాలేజీకి ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. ముందురోజు రాత్రి ల్యాబ్‌లోకి ఎక్కణ్నుంచో కొత్త మానిటర్లు దిగాయి. హాస్టల్లో ఆ పూట చికెన్. వచ్చినవాళ్లు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి, ఫైళ్లు తిరగేసి, సంతకాలు పెట్టి వెళ్లిపోయారు. మాలో ఒక్కణ్నీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మేం నవ్వుకున్నాం. ఎందుకంటే ఏం జరిగినా బస్సెక్కి వెళ్లిపోవడానికి మాకు ఇల్లుంది.

ఇల్లు లేదనే ప్రభుత్వం తీసుకొచ్చి ఒక హోమ్‌లో పెట్టిన పిల్లల పరిస్థితి ఏంటి?

బీహార్‌లోని ముజఫర్‌పూర్ కేసు మీలో చాలామంది వినే ఉంటారు. ప్రభుత్వ డబ్బుతో ఒక ఎన్జీవో నడిపిన బాలికల హోమ్ అది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వాళ్ల కోశిష్ టీమ్ బీహార్‌లో 110 హోములను ఆడిట్ చేసింది. ఫైళ్లతో ఆగకుండా పిల్లల దగ్గర కూర్చుని మాట్లాడింది. అప్పుడు బయటపడింది అసలు విషయం. మెడికల్ పరీక్షల్లో 30 మందికి పైగా అమ్మాయిలపై లైంగిక దాడి జరిగినట్టు తేలింది.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆ ఆడిట్ చేయించింది బీహార్ ప్రభుత్వమే. కానీ రిపోర్టు 2018 ఏప్రిల్‌లో అందితే, ఎఫ్ఐఆర్ మే 31న పడింది. మధ్యలో ఆ రాత్రుళ్లు ఆ పిల్లలు ఎక్కడ పడుకున్నారో ఆలోచించండి. తర్వాత సుప్రీంకోర్టు కేసును ఢిల్లీకి మార్చింది. 2020 జనవరిలో 19 మంది దోషులుగా తేలారు. హోమ్ నడిపినవాడికి బతికున్నంతకాలం జైలు.

ఆ దోషుల్లో ఎవరున్నారో తెలుసా? జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ ఛైర్మన్. అదే కమిటీ సభ్యుడు. జిల్లా చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్. అంటే పిల్లలు ఎవరికి ఫిర్యాదు చేయాలో, వాళ్లే.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఒక రూల్ ఉండేది. కోడ్ రాసినవాడే టెస్ట్ చేసి 'పాస్' అని పెడితే ఎవరూ నమ్మరు. ఇక్కడ అదే నడిచింది.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి హోమ్‌కీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్‌స్పెక్షన్ కమిటీ కనీసం మూడు నెలలకోసారి వెళ్లాలి. ఆ టీమ్‌లో ఒక మహిళ, ఒక డాక్టర్ తప్పనిసరి. వారంలో రిపోర్టు, నెలలోపు చర్య. బాలల సంక్షేమ కమిటీ విడిగా నెలకు కనీసం రెండుసార్లు హోములకు వెళ్లి చూడాలి. పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే.

'సీసీ కెమెరాలు పెడితే సరిపోతుంది కదా బ్రో' అంటారు కొందరు. ఆ ఫుటేజ్ ఎవరి రూమ్‌లో ఉంటుంది బ్రో? సూపరింటెండెంట్ రూమ్‌లోనే కదా.

నా పాయింట్ ఒక్కటే. వార్డెన్ పక్కన నిలబడి ఉంటే ఏ పిల్లా నోరు విప్పదు. రేపు ఈయన వెళ్లిపోతాడు, వార్డెన్ ఉంటుంది, అది ఆ పిల్లకి తెలుసు. స్టాఫ్‌ని బయటికి పంపి, హోమ్‌తో సంబంధం లేనివాళ్లు, తీరిగ్గా కూర్చుని మాట్లాడాలి. దానికి టైమ్, మనుషులు, జీతాలు కావాలి. ఆ ఖర్చు ప్రభుత్వానిదే. 'ఎన్జీవోకి అప్పగించాం' అంటే బాధ్యత కూడా అప్పగించినట్టు కాదు. ఆ పిల్లల్ని తన చేతుల్లోకి తీసుకున్నది ప్రభుత్వం.

ఏదైనా పిల్లాడు ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే 1098కి కాల్ చేయండి, ఫ్రీ. ఇంకోటి, పది రూపాయలతో ఆర్టీఐ వేయొచ్చు. పిల్లల పేర్లు, వివరాలు అడగొద్దు. మూడే ప్రశ్నలు: మన జిల్లాలో హోములు ఎన్ని, గత ఏడాది ఒక్కో హోమ్‌కి ఇన్‌స్పెక్షన్ టీమ్ ఏ తేదీల్లో వెళ్లింది, టీమ్‌లో డాక్టర్ ఉన్నారా. మా జిల్లాకి నేను మొన్న సోమవారం పోస్ట్ చేశాను. 30 రోజుల గడువు. వచ్చినా రాకపోయినా ఆ కాగితం మీకు చూపిస్తా.