పసిబిడ్డకు తొలి ముద్ద ఎప్పుడు?



రామతీర్థం చుట్టుపక్కల మన ఇళ్ళలో ఒక మాట వింటుంటాం: "రెండేళ్ళు తల్లిపాలని ఖుర్‌ఆన్‌లోనే ఉంది గదా, జావకు తొందరేమిటి?" బఖరా సూరా 233వ ఆయతులో రెండేళ్ళ మాట నిజమే. అయితే పాలు తప్ప మరేదీ పెట్టొద్దని అక్కడ లేదండీ.

నాలుగో నెలకే మొదలెట్టొచ్చని మేమూ ఒకప్పుడు చెప్పేవాళ్ళం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలని తేల్చింది. అందాకా మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఆ పైన తల్లిపాలలోని ఇనుము బిడ్డకు చాలదు. మెడ నిలిపి, ఆనిస్తే కూర్చుని, మన కంచం వైపు చెయ్యి చాస్తోందంటే వేళయిందన్నమాట. చోడిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం రెండు మూడు చెంచాలు పెట్టండి. చెంచాలో నిలిచేంత చిక్కగా ఉండాలి సుమా. పాలు మానిపించొద్దు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుకకు రాయకండి, నానీమాలు, దాదీమాలు కోప్పడినా సరే.