పాతగోడకు వైద్యుడు



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని బాగుచేసి చూడుమని మాత్రము చెప్పలేదు. నా తలంపున ఈ మూడవపని తక్కిన రెంటికంటెను కష్టతరమైనది. క్రొత్తగా కట్టువానికి ఎదుట శూన్యస్థలముండును. తన యిష్టము చొప్పున కట్టుకొనిపోవచ్చును. బాగుచేయువాడో, ముందటివాని పనిని చదివి, వాని యుద్దేశము తెలిసికొని, దానికి విరోధము రాకుండ తన చేయి కలుపవలెను. తాళపత్రమున చెదలు తినిన పద్యపాదమును పూరించు పండితునకును, పాతగోడను సరిచేయు మేస్త్రికిని ఈ పట్టున భేదము లేదు. ఇరువురును ఛందస్సు నెరిగియుండవలెను.

అట్టి మేస్త్రిని ఎట్లు గుర్తింపవలెను, వానితో నెట్లు మెలగవలెను అనునది నేటి ప్రసంగవిషయము.

మహానంది చుట్టుపట్ల, నల్లమల క్రింది పల్లెలలోను, నంద్యాల, బనగానపల్లె, కోవెలకుంట్ల ప్రాంతములలోను పాతమిద్దెలు నేటికిని కలవు. మనది రాతిసీమ. బేతంచెర్ల బండ, కడప బండ దేశమంతట ప్రసిద్ధములు. ఈ మిద్దెల గోడలు సాధారణముగా రెండు ముఖములు గలవి: వెలుపల నొక రాతివరుస, లోపల నొక రాతివరుస, నడుమ చిన్నరాళ్లును మన్నును. పైన దూలములు, దంతెలు, వానిపై బండలు లేక కట్టె, ఆపైన మందముగా పరచిన మన్ను. ఈ బరువునంతటిని మోయుచున్నది నడుమనున్న మన్నే కాదు, రెండు వరుసలను కలిపి పట్టుకొనియున్న అడ్డపురాళ్లు. అవి యున్నంతవరకు గోడ యొక్కటి. అవి సడలినచో గోడలు రెండు. రెండైన గోడ యెంతో కాలము నిలువదు.

గోడకు శత్రువు ఎండ కాదు, గాలి కాదు, నీరు. మహానంది కోనేటిని చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు. అచ్చట ఊట రాత్రింబవళ్లు వచ్చుచునే యుండును. అయినను నీరు మట్టము మీరదు. అడుగున పడిన సూది కనబడునంత తేటగా నుండును. ఏమన, వచ్చినంత నీటికి పోవుదారి కలదు. ఆ పోయిన నీరే దిగువ అరటితోటలను పండించుచున్నది. నీరు వచ్చుట దోషము కాదు. పోవుటకు దారి లేకుండుటయే దోషము. ఇంటిగోడ విషయమునను ఇదియే సూత్రము.

ఇచ్చట సున్నమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. సున్నపురాతిని బట్టీలో కాల్చినపుడు దానియందలి బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. మిగిలినదానికి నీరు పోయగా పొగలుగ్రక్కి మెత్తబడును. ఇసుకతోడను, ఇటుకపొడితోడను గానుగలో నూరి గోడలో పెట్టిన పిమ్మట, అది గాలినుండి మరల ఆ వాయువునే గ్రహించి, మెల్లమెల్లగా తిరిగి రాయి యగును. పూర్వులు కరక్కాయ కషాయమును, బెల్లపునీటిని దీనికి చేర్చెడివారు. సున్నపుగోడకు సన్నని రంధ్రములుండును. లోపలి చెమ్మ వానిగుండ వెలికి వచ్చి ఆరిపోవును. ఇంగ్లండులో 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ హక్కుపత్రము పొందిన పోర్ట్‌లాండు సిమెంటు గట్టిది, త్వరగా బిగియునది, క్రొత్త కట్టడములకు మహోపకారి. నేను దానిని నిందింపను. కాని మెత్తని పాతగోడకు దానిని దట్టముగా పూసినచో లోపలి చెమ్మకు దారి మూసినట్లగును. చెమ్మతో వచ్చిన ఉప్పు రాతిలోను ఇటుకలోను గడ్డకట్టి, పెచ్చులు పెచ్చులుగా రాల్చును.

మా వైపు ఒక పల్లెలో జరిగిన సంగతి చెప్పెదను. ఒక గృహస్థుని మిద్దెయింట ఉత్తరపుగోడ అడుగున చెమ్మ యెక్కుచుండెను. చౌకగా చేయుదునని వచ్చిన పనివాడొకడు గోడను తట్టియైన చూడక రెండు దినములలో నడుమెత్తు సిమెంటు పూసి, సొమ్ము పుచ్చుకొని పోయెను. రెండేండ్లు గోడ అద్దమువలె నుండెను. చెమ్మ మాత్రము పూతవెనుక పైకెక్కి, నడిమి మన్నును నానబెట్టుచునే యుండెను. మూడవయేటి వానలలో నొకరాత్రి గోడలోనుండి మన్ను జలజల రాలు చప్పుడు ఆ యింటి ముసలమ్మకు వినవచ్చినది. ఆమె కోడలిని, పిల్లలను లేపి వసారాలోనికి తీసికొని వచ్చిన కొంతసేపటికి గోడ కూలెను. మనుష్యులు దక్కిరి, గోడప్రక్కను కట్టిన దూడ చచ్చినది. తరువాత వచ్చిన వృద్ధమేస్త్రి మొదట గోడను చూడలేదు. మిద్దె నెక్కి చూచెను. వాననీటిని దూరముగా విడువవలసిన గొట్టము విరిగి, నీరంతయు ఏండ్లతరబడి పునాదిపైననే పడుచుండెనట! ఆ గొట్టము మార్చుటకు ఒకనాటి కూలి చాలియుండెడిది.

కావున మేస్త్రిని పరీక్షించుటలో మొదటి లక్షణమిది: గోడ చెడినదని చెప్పినంతనే వెల చెప్పువానిని పంపివేయుడు. "నీరెక్కడనుండి వచ్చుచున్నది?" అని మొదట నడుగువానిని కూర్చుండబెట్టుడు. రోగికి నాడి చూడక మందిచ్చువాడు వైద్యుడు కానట్లే, మిద్దె యెక్కి, పునాది చుట్టి, గోడను తట్టి, గుండుదారము వ్రేలాడదీసి చూడనివాడు మేస్త్రి కాడు.

రెండవది, అతడు మూడు నాలుగు వానకాలముల క్రిందట బాగుచేసిన గోడను పోయి చూడుడు. నిన్న చేసినపని అందరిదియు అందముగనే యుండును. ఆ యింటివారిని ఒంటరిగా అడుగుడు: చెప్పిన దినమునకు వచ్చెనా? చెప్పిన వెలకు కట్టుబడెనా? లోపము కనబడినపుడు పిలిచిన వచ్చెనా?

మూడవది, అతని నోట పని క్రమము చెప్పించుకొనుడు. సందులను బాగుచేయుటకు, పాత సున్నమును సందు వెడల్పునకు రెండింతల లోతువరకైనను, రాతియంచులు చెదరకుండ గీకి తీసి, దులిపి, తడిపి, క్రొత్త సున్నమును పొరపొరగా దట్టించెదనని చెప్పవలెను. గోడకంటె మెత్తనిదే సందున నుండవలెను. ఎప్పటికైన చెడిన సందు చెడవలెను గాని రాయి చెడరాదు. మన నాపరాయి పొరలుగల రాయి. అది భూమిలో పరుండినట్లే గోడయందును పరుండవలెను. నిలువుగా నిలిపినచో పొరలు విడివడును. సందుపై సందు రాకూడదు. ఇటుకలైనచో, రెంటిని తాకించినపుడు కంచువలె మ్రోగవలెను. 24 గంటలు నీటిలో నుంచినను తన బరువులో అయిదవవంతుకు మించి నీరు త్రాగరాదు. ఈ మాటలడిగినపుడు విసుగుకొనువానితో మీకు పని లేదు. నిజమైన పనివాడు తన విద్యను గూర్చి అడిగినచో సంతసించును.

ఇక ఒడంబడిక. మాటమీద నమ్మకముండవచ్చును, అయినను కాగితముండవలెను. ఎంత పొడవు, ఎంత యెత్తు, సున్నమెవరిది, పరంజి యెవరిది, పనియెన్ని దినములు, చెత్త యెవరు తీయవలెను, ఇవన్నియు వ్రాసికొనుడు. ముందుగా ఒక గజము మేర చేయించి, ఆరిన పిదప చూచి, తక్కినది అప్పగింపుడు. సొమ్ము పనివెంట నడువవలెను. పనికి ముందు పరుగెత్తరాదు, పని ముగిసినపిమ్మట వెనుకబడనురాదు. గుత్తపనిలో తొందర యెక్కువ, దినకూలిలో జాప్యమెక్కువ. పాతగోడ విప్పినగాని లోపల నేమున్నదో తెలియదు కనుక, కనబడని భాగమునకు దినకూలియు, కనబడు భాగమునకు గుత్తయు నిర్ణయించుకొనుట ఉభయులకు క్షేమము.

కాలమును కూడ చూడవలెను. మన సీమ వేసవిలో తడిసున్నము గోడలోనే మాడిపోవును. వానలలో కడిగివేయబడును. కార్తికము గడచి వానలు వెనుకబట్టినది మొదలు శివరాత్రివరకు మంచికాలము. పనియైన తరువాత తడిగోనెలు కప్పి కొన్ని దినములు చెమ్మ నిలుపవలెను. ఈ శుశ్రూష యింటివారిది.

మేస్త్రికి మించిన సందర్భములును కలవు. పగులు రెండు విధములు: ఆగినది, నడచుచున్నది. పగులుకు అడ్డముగా సన్నని గాజుముక్క నతికించి తేదీ వ్రాయుడు. గాజు విరిగినచో గోడ కదలుచున్నదని యర్థము. అప్పుడు ఇంజనీరును పిలువక తప్పదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26వ తేదీన కూలిన సంగతి మీ రెరుగుదురు. అంతకుముందే పగులు పెరుగుట చూచి జనులను తొలగించుటచే ప్రాణములు దక్కెను, గోపురము దక్కలేదు. అదే స్థలమున క్రొత్తగోపురము నిలిచినది, 2017లో కుంభాభిషేకమును జరిగినది. అయినను అయిదువందల యేండ్ల పని తిరిగి రాదు కదా!

రాతిపని తెలిసినవారు పూనుకొన్నచో నేమి చేయగలరో మన జిల్లాలే సాక్ష్యము. శ్రీశైలము ఆనకట్ట నీటిలో మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునను, రూపాల సంగమేశ్వరాలయమును కర్నూలు జగన్నాథగట్టుపైనను మరల నిలిపిరి. ఓరుగల్లు సీమలో వేయిస్తంభముల గుడి కల్యాణమండపమును 2006లో విప్పి, పునర్నిర్మించి 2024లో తెరచిరి. తొందరపడని పని యెంతకాలము పట్టునో చూడుడు.

మన వాస్తుశాస్త్రములు శిల్పులను నాలుగు తెగలుగా చెప్పినవి: స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమున కొక యధ్యాయమే కేటాయించెను. అనగా చేతిపనిని విద్యగా నెంచిన జాతి మనది. నేడు సున్నపుగానుగ నెరిగిన చేతులు పల్లెలలో తగ్గిపోవుచున్నవి. అట్టివాడు మీకు దొరకినచో కూలిలో బేరమాడకుడు. ప్రక్కన నొక కుర్రవానిని పెట్టుకొమ్మని, వాని కూలికూడ మీరే యిచ్చెదమని చెప్పుడు. మీ మనుమలనాటికి గోడ చెడినపుడు, పిలుచుట కొకడు మిగిలియుండవలెను గదా!

ఈ వానకాలము రాకమునుపే ఒక్కసారి మీ మిద్దె నెక్కి నీరు పోవు గొట్టమును చూడుడు. సెలవు.