నేల కింద పారే నీరు

ఇరాన్ నడిబొడ్డున, రెండు పెద్ద ఎడారుల నడుమ యజ్ద్ అనే పట్టణం ఉంది. అక్కడ వాన పడడమే అరుదు. అయినా దానిమ్మ తోటలు పండాయి. ఎలాగంటారా? కొండ పాదాన తల్లిబావి తవ్వి, ఊరిదాకా కాస్త వాలుగా సొరంగం తొలిచారు. అదే కనాత్. ఏతం లేదు, మోటారు లేదు. వాలే నీటిని నడిపిస్తుంది. నేల కింద పారుతుంది కాబట్టి ఎండకు ఆవిరైపోదు. యజ్ద్‌లోని జార్చ్ కనాత్ పొడవు 70 కిలోమీటర్లకు పైమాటే! జామే మసీదు దగ్గర మెట్లు దిగి దాన్ని చూడవచ్చు. యునెస్కో 2016లో ఇరాన్ కనాత్‌లను, 2017లో యజ్ద్ పాతపట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది వాటిని తవ్విన ముకన్నీలే. నూనెదీపం పక్కన పెట్టుకుని, ఒంగి మట్టి తవ్వేవారు. దీపం కొండెక్కితే గాలి చాలడం లేదని గుర్తు. వెంటనే పైకి వచ్చేసేవారు.