బాణం పక్కకు పోతే గురిని తిట్టొద్దు

 

మనలో చాలామంది ఇళ్లు ఇప్పుడు గాజువాకలోనో, మర్రిపాలెంలోనో ఉన్నాయి. ఇంట్లో ఒకరు స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో పనిచేస్తారు. పాడేరు, చింతపల్లి, అరకు మనకు పండుగకు వెళ్లే ఊళ్లయిపోయాయి. చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లేవారని విన్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీదికి నడిచారని చదివారు. ఫొటోకు విల్లు పట్టుకోవడం అందరికీ వచ్చు. బాణాన్ని సరిచేయడం ఎంతమందికి వచ్చు? అది తెలిసిన తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అందుకే ఈ రోజు ఆ ఒక్క సంగతే చెప్తాను.

వదలగానే బాణం తిన్నగా పోదు. నారి నెట్టగానే వెదురు కర్ర వంగుతుంది, విల్లును దాటి చేపలా ఊగుతూ పోతుంది, కాసేపటికి దారిలో పడుతుంది. కాబట్టి కర్ర బిర్రు విల్లు బలానికి సరిపోవాలి.

ముందు కర్ర చూడండి. బాగా ఆరిన వెదురు కావాలి. కంటి దగ్గర పెట్టి తిప్పితే వంకర తెలుస్తుంది. వంకర ఉన్నచోట నిప్పుల మీద వెచ్చజేసి, మెల్లగా వంచి, చల్లారేదాకా పట్టుకోండి. చీలిక ఉంటే ఆ కర్రను పారేయండి. అది వదిలేటప్పుడు విరిగి చేతిలో దిగుతుంది.

తర్వాత పరీక్ష. ఒకే బరువున్న బాణాలు నాలుగు తీసుకోండి. మూడింటికి ఈకలు కట్టండి, ఒకదానికి వద్దు. కొంత దూరం నుంచి గడ్డిమోపు మీద వేయండి. ఈకలేని బాణం, విల్లుకు ఏ పక్కన ఆనించారో ఆ పక్కకే పోతే కర్ర బిర్రు ఎక్కువ. మొన బరువు పెంచండి, లేదా కర్రను కాస్త గీకండి. అవతలి పక్కకు పోతే కర్ర మెత్తన. మొన తేలిక చేయండి, లేదా మొనవైపు కొంచెం కొంచెంగా కోయండి. పూర్తిగా లాగినా మొన విల్లు దాటి ముందుకు ఉండాలి. లేకపోతే చేతికే తగులుతుంది. ఈకలేనిది పైన గుచ్చుకుంటే నారి మీద బాణం పెట్టే చోటు కాస్త పైకి జరపండి, కింద గుచ్చుకుంటే కిందికి.

ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. అప్పుడే బాణం ఒకే తీరుగా తిరుగుతుంది. వేలి మీద నిలబెడితే బరువు నడిమికంటే మొనవైపు తూగాలి.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. మనకు గురి గడ్డిమోపే. వెనక గోడో, మట్టిగట్టో లేకుండా ఎక్కడా వేయొద్దు. వెదురు విల్లుతో పోటీపడే ఇండియన్ రౌండ్ జాతీయ పోటీల్లో ఉంది. రాజస్థాన్ ఆదివాసీ కుర్రాడు లింబారాం వెదురు విల్లుతో మొదలుపెట్టి, 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. మూడు ఒలింపిక్స్ ఆడాడు.

ఈసారి ఊరెళ్లినప్పుడు సెల్లు తాతయ్య చేతుల వైపు తిప్పండి. కర్ర ఎలా కాలుస్తాడో, ఈక ఎలా కడతాడో, ఒక్కో భాగాన్ని మన భాషలో ఏమంటాడో రికార్డు చేయండి. తర్వాత ఆయన పక్కన కూర్చుని ఒక బాణం మీరే చేయండి. అది గడ్డిమోపులో నేరుగా దిగిననాడు ఆ విద్య మీదవుతుంది.