తెగిన కనెక్షన్

 

ఇలాంటి స్నాతకోత్సవ సభల్లో పట్టభద్రులతో కలల గురించి మాట్లాడటం రివాజు. నాకు తెలిసింది డేటాబేసులు. తెగిపోయిన కనెక్షన్ గురించి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ ఫీజుల వెబ్‌సైట్ చూసేవాణ్ని. పొద్దున కౌంటరు తెరిచి మొదటి రసీదు కొట్టగానే ఎర్రర్ 2006, 'మైఎస్‌క్యూఎల్ సర్వర్ హాజ్ గాన్ అవే'. పేజీ మళ్లీ తెరిస్తే మామూలే. సర్వరేమో ఎక్కడికీ పోలేదు, వారాల తరబడి ఆగకుండా నడుస్తోంది. మేం చేసిన వైద్యం, రోజూ పొద్దున ఏడింటికి అప్లికేషన్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా క్రాన్‌లో ఒక లైను. ఎర్రర్ పోయింది. సరిగ్గా ఏడింటికి ఫోన్లో ఫీజు కడుతున్నవాళ్ల లావాదేవీ కూడా దాంతోపాటే పోయేది.

అసలు సంగతి పట్టిచ్చింది కౌంటర్లోని పెద్దాయన. "బాబూ, ఫీజుకు ఆఖరు తేదీ అయితే మర్నాడు పొద్దున ఈ గొడవ ఉండేది కాదు" అన్నాడు. ఆఖరు రాత్రి పిల్లలు తెల్లవార్లూ కడతారు, కనెక్షన్‌కు ఖాళీ ఉండదు. మిగతా రాత్రుళ్లు అది ఊరికే పడి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమవుట్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు మాటామంతీ లేకపోతే సర్వరే కనెక్షన్ మూసేస్తుంది. తెరిచిన కనెక్షన్లను దాచి మళ్లీ మళ్లీ వాడుకునే మా పూల్ మాత్రం ఆ చచ్చిన కనెక్షన్‌నే పొద్దున్నే భద్రంగా తీసి ఇచ్చేది. క్రాన్ లైను తీసేసి, ఏ కనెక్షన్ అయినా తెరిచిన 7 గంటలకే రిటైరయ్యేలా పెట్టాం.

తర్వాత డేటాబేస్‌ను ఫైర్‌వాల్ వెనక్కి మార్చారు. ఈసారి ఎర్రరే లేదు, పేజీ గిరగిరా తిరుగుతూ ఉండిపోయేది. గంటసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను ఆ ఫైర్‌వాల్ ఎవరికీ చెప్పకుండా మరిచిపోతోంది. ఖాళీ కనెక్షన్ బతికుందో లేదో చూసే లినక్స్ కీప్‌అలైవ్ ఆన్‌లో ఉన్నా మొదటిసారి పలకరించేది 2 గంటల తర్వాతే. జవాబు రాని ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపి ఆశ వదులుకోవడానికి లినక్స్‌కు దాదాపు 15 నిమిషాలు పడుతుంది. ఎర్రర్ టక్కున వస్తే అవతలివాడు తలుపేసుకున్నాడని, పేజీ తిరుగుతూనే ఉంటే దారిలో ఎవరో ఉత్తరం మింగేశారని అప్పుడు అర్థమైంది. కనెక్షన్ ఆయుష్షు అరగంటకు కుదించాం. దారిలో ఎన్ని గడియారాలుంటే అన్నిట్లోకీ చిన్నదాని కంటే తక్కువుండాలి మరి.

నేను నిజంగా సిగ్గుపడ్డది మాత్రం ఇంకోచోట. 'తెగితే మళ్లీ పంపు' అని కోడ్ రాసింది నేనే. చదివే క్వెరీకైతే అది పరవాలేదు. ఒకరోజు చెల్లింపును ఖాయం చేసే కమిట్ సర్వర్‌కు చేరింది, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చేలోపు కనెక్షన్ తెగింది. నా కోడ్ బుద్ధిగా మళ్లీ పంపింది. ఒక అమ్మాయి ఫీజు రెండుసార్లు జమైంది. వాళ్ల నాన్న రెండు రసీదులతో కౌంటరు దగ్గర నిలబడ్డాడు.

ఆ రాత్రే ప్రతి చెల్లింపుకూ ఒక నెంబరిచ్చి, అదే నెంబరు రెండోసారి వస్తే టేబుల్ తీసుకోకుండా యూనిక్ కీ పెట్టాం. కొత్తగా కనిపెట్టినట్టు పెద్దాయనకు చెప్పాను. ఆయన సొరుగులోంచి పాత రసీదు పుస్తకం తీశాడు. ప్రతి కాయితం మీదా అచ్చేసిన వరస నెంబరు.

కాసేపట్లో మీకిచ్చే పట్టా మీదా ఒక నెంబరుంటుంది, సరిచూసుకోండి.