పైసా తేడా రాకూడదు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు నేర్చుకునే వయసు దాటిపోయిందనుకునే వారికోసం నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన సభ్యులొకరు, అకౌంట్స్‌లో నాకు సీనియరు, ఈమధ్య 'జె' అనే కంప్యూటరు భాష మొదలుపెట్టారు. కెన్నెత్ ఐవర్సన్, రోజర్ హుయ్ 1990లో దీన్ని తయారుచేశారు. ఇందులో సంఖ్యల వరుసనంతా ఒకేసారి లెక్కించవచ్చు.

ఆయన ఎంచుకున్నది 'ఇ' అనే స్థిరాంకం. వడ్డీలు కట్టిన మనకిది చుట్టమే. ఒక రూపాయిని నూటికి నూరు వడ్డీకి ఏడాదిపాటు ఇచ్చి, వడ్డీని రోజుకోసారి, క్షణానికోసారి అసలులో కలుపుతూ పోయినా, చివరి మొత్తం 2.71828 చిల్లర దాటదు. ఆ చిల్లరే 'ఇ'.

30 దశాంశ స్థానాలు అడిగితే యంత్రం 30 చూపింది. పుస్తకంతో పోలిస్తే 15 వరకే సరి. ఆపైన పుస్తకంలో 235, తెరమీద 090.

"పైసా తేడా వస్తే రాత్రంతా వెతికినవాణ్ణి. ఈ పెట్టెను ఎలా నమ్మనయ్యా?" అని ఆయన మానేయబోయారు.

"మామూలు దశాంశ సంఖ్యకు అది ఇచ్చే చోటులో 15, 16 అంకెలే పడతాయండీ. రూపాయలను పైసలుగా మార్చి చూసినట్టు, పూర్ణాంకాల్లో చేద్దాం" అన్నాను. జెలో సంఖ్య చివర ఎక్స్ అక్షరం చేరిస్తే ఎంత పెద్ద సంఖ్యనైనా కత్తిరించదు. భిన్నాన్ని భిన్నంగానే ఉంచుతుంది.

0 నుంచి 30 వరకు వరుస తీసుకున్నాం. దాని ముందు మూడు గుర్తులు: +/ % ! వీటిని కుడినుంచి ఎడమకు చదవాలి. మొదటిది ప్రతి సంఖ్యకు క్రమగుణితం కడుతుంది, రెండోది ఒకటిని దానితో భాగిస్తుంది, మూడోది అన్నిటినీ కూడుతుంది. వచ్చిన భిన్నాన్ని, ఒకటి పక్కన 30 సున్నాలున్న సంఖ్యతో హెచ్చవేసి, మిగిలిన చిల్లర వదిలేశాం. వచ్చింది ఇది:

2718281828459045235360287471352

పుస్తకంతో సరిపోయింది. అయినా ఆయన తృప్తిపడలేదు. 40 వరకు వరుస వేసి మళ్ళీ చేశారు. ఒక్క అంకె మారలేదు. అప్పుడు నవ్వారు.

ఆ పట్టుదల చాదస్తం కాదండీ. విలియం షాంక్స్ అనే ఆంగ్లేయుడు 'పై' విలువను చేత్తో 707 స్థానాల దాకా కట్టి 1873లో ప్రకటించాడు. 528వ స్థానం నుంచి అది తప్పని 1940లలో ఫెర్గూసన్ వేరే సూత్రంతో కట్టి తేల్చాడు. అంకెలు ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎన్నిటిని నమ్మవచ్చన్నదే లెక్క. ఆ విద్య మనకు ఉద్యోగంలోనే అబ్బింది.

చివరగా మన పిల్లలకూ మనవలకూ ఒక మాట. పెద్దవాళ్ళకు నేర్పేటప్పుడు కీబోర్డు లాక్కుని మీరే చేసి చూపకండి. వారి చేతిలోనే ఉంచి, పక్కన కూర్చోండి. ఆలస్యమైనా వారి లెక్క వారే సరిచూసుకుంటారు.